మన వానలను మన రుతువుల్లోనే లెక్కించడం ఎలా: ఎక్స్‌అర్రేలో కొత్తగా వచ్చిన సదుపాయాలు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రెండు రోజుల పాటు నెల్లూరు, తిరుపతి జిల్లాలు వానలో నానిపోయాయి. మన దగ్గర ఎవరిని అడిగినా ఆ వానను ఈశాన్య రుతుపవనాల లెక్కలోనే వేస్తారు. కానీ లేబుళ్ళున్న అంకెల పట్టికలతో (అర్రేలతో) పనిచేసే పైథాన్ లైబ్రరీ ఎక్స్‌అర్రేలో 'సీజన్ వారీగా లెక్క తీయి' అంటే నిన్నమొన్నటి దాకా ఆ వాన జనవరి, ఫిబ్రవరిలతో కలిసి చలికాలం ఖాతాలో పడేది. ఎందుకంటే లైబ్రరీకి తెలిసిన రుతువులు నాలుగే: డిసెంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి నుంచి మే, జూన్ నుంచి ఆగస్టు, సెప్టెంబరు నుంచి నవంబరు. ఈ కత్తిరింపు మన రెండు రుతుపవనాలనూ నరికేస్తుంది. నైరుతికి సెప్టెంబరు దక్కదు, ఈశాన్యానికి డిసెంబరు దక్కదు.

భారత వాతావరణ శాఖ వాడే రుతువులు వేరు. జనవరి, ఫిబ్రవరి చలికాలం. మార్చి నుంచి మే వరకు వేసవి. జూన్ నుంచి సెప్టెంబరు నైరుతి. అక్టోబరు నుంచి డిసెంబరు ఈశాన్యం. వీటి ప్రకారం లెక్క తీయాలంటే ఇన్నాళ్ళూ నెలల జాబితాలు రాసుకుని, వడకట్టి, మళ్ళీ అతికించి నానా తంటాలు పడేవాళ్ళం. 2025లో వచ్చిన వెర్షన్లతో అది ఒక్క వరుస పని అయింది. ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. దారిలో తగిలే మిగతా కొత్త సదుపాయాలను ఎక్కడ పనికొస్తే అక్కడే చెబుతాను.

ఒక మాట ముందే. కోడ్‌లోని పేర్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి. నేను కిందిగీత పెట్టిన చోట అండర్‌స్కోర్ ఉంటుంది. సీజన్‌గ్రూపర్ లాంటి క్లాసుల పేర్లలో ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలవుతుంది, మాటల మధ్య ఖాళీ ఉండదు.

ముందు వెర్షన్ చూసుకోండి

ఎక్స్‌అర్రే 2014లో ఎక్స్‌రే అనే పేరుతో బయటికొచ్చింది. క్లైమేట్ కార్పొరేషన్ అనే వ్యవసాయ వాతావరణ సంస్థలో స్టీఫన్ హోయర్, ఆయన సహచరులు తమ పని కోసం రాసుకున్నది అది. 2016 జనవరిలో పేరు మారింది, 2018 నుంచి ఓపెన్ సోర్స్ సైన్స్ సాఫ్ట్‌వేర్‌కు అండగా నిలిచే నంఫోకస్ అనే సంస్థ నీడలో నడుస్తోంది. వెర్షన్ నంబర్లు 2022 నుంచి ఏడాది, నెల లెక్కన వస్తున్నాయి. కాబట్టి నంబరు చూడగానే మీ దగ్గరున్నది ఎంత పాతదో తెలిసిపోతుంది. ఇక్కడ చెప్పేవన్నీ పనిచేయాలంటే 2025 ఆగస్టు వెర్షన్ గానీ, ఆ తర్వాతది గానీ ఉండాలి.

కొత్త ఎన్విరాన్‌మెంట్ తెరిచి ఎక్స్‌అర్రే, నెట్‌సీడీఎఫ్4, డాస్క్, ఫ్లాక్స్ ఇన్‌స్టాల్ చేయండి. పాత ఎన్విరాన్‌మెంట్‌లోనే అప్‌గ్రేడ్ చేయకండి, సగం ప్యాకేజీలు పాతవీ సగం కొత్తవీ అయి కొట్టుకుంటాయి. ఎక్స్‌అర్రే ఒక్కటే పెడితే వాతావరణ డేటాను దాచే నెట్‌సీడీఎఫ్ ఫైళ్ళు తెరుచుకోవు, వాటిని చదివే ప్యాకేజీ విడిగా పెట్టుకోవాలి. డాస్క్ పెద్ద డేటాను ముక్కలుగా చేసి లెక్కించే ప్యాకేజీ. ఫ్లాక్స్‌ను మీరు పిలవనక్కరలేదు. అది ఉంటే చాలు, గుంపులు కట్టే లెక్కల్లో ఎక్స్‌అర్రే దానంతట అదే వాడుకుని వేగంగా నడుస్తుంది.

డేటా తెరిచి లేబుళ్ళు చూడండి

భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని 0.25 డిగ్రీల గళ్ళలో ఇస్తోంది. అక్షాంశాలు 6.5 నుంచి 38.5 వరకు 129, రేఖాంశాలు 66.5 నుంచి 100 వరకు 135. ఏడాదికో ఫైలు. ఒకదాన్ని ఓపెన్_డేటాసెట్‌తో తెరిచి, ప్రింట్ చేసి చూడండి. పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటే రీనేమ్‌తో టైమ్, ల్యాట్, లాన్, రెయిన్ అని చిన్న అక్షరాల్లోకి మార్చుకోండి. తర్వాతి పనంతా తేలికవుతుంది.

లేబుళ్ళున్న అర్రే ఎందుకు కావాలో ఇక్కడే చెప్పాలి. లేబుళ్ళు లేని ఉత్త నంపై (పైథాన్‌లో అంకెల పట్టికల లైబ్రరీ) అర్రే అయితే నెల్లూరు గడిలో జులై 20 నాటి వాన కోసం 200, 32, 54 అని మూడు అంకెలు వేయాలి. ఆ 32 ఎక్కడిదంటే 14.5 లోంచి 6.5 తీసేసి 0.25తో భాగిస్తే వచ్చింది. సరే, ఓపిక పట్టి లెక్క వేశాం. అదే అంకెలు లీపు సంవత్సరం ఫైలు మీద వేస్తే? ఫిబ్రవరి 29 ఒకటి చొరబడింది కాబట్టి ఇప్పుడు 200 అంటే జులై 19. ప్రోగ్రామ్ ఆగదు, తప్పని చెప్పదు, ఇంకో రోజు వాన తెచ్చి చేతిలో పెడుతుంది. ఎక్స్‌అర్రేలో అయితే సెల్ అనే మెథడ్‌కు టైమ్ కింద తేదీ, ల్యాట్ కింద 14.44, లాన్ కింద 79.99 ఇచ్చి, మెథడ్ కింద నియరెస్ట్ అని రాస్తే చాలు. 14.5, 80.0 దగ్గరున్న గడిని అదే వెతికి తెస్తుంది. తేదీ తేదీగానే ఉంటుంది.

మిగతా ఏ పనికైనా ముందు రెండు సంగతులు సరిచూసుకోండి. లోపించిన చోట్ల మైనస్ 999 అనే అంకె ఉంటుంది. తెరిచినప్పుడు అది నాన్‌గా, అంటే 'విలువ లేదు' అనే గుర్తుగా మారకపోతే, వేర్ అనే మెథడ్‌తో సున్నా, ఆపైన ఉన్నవే ఉంచమని చెప్పండి. రెండోది, వాతావరణ శాఖ లెక్కలో ఒక తేదీ వాన అంటే ఆ రోజు ఉదయం 8.30 గంటలతో ముగిసిన 24 గంటల వాన. జూన్ 1 అని రాసున్న వానలో ఎక్కువ భాగం మే 31న కురిసిందే. రుతువు మొత్తం మీద ఇది పెద్ద తేడా తేదు గానీ, తుపాను రోజులను పత్రికల వార్తలతో పోల్చేటప్పుడు గుర్తుండాలి.

ఏళ్ళన్నీ కలపండి, కానీ కొత్త నియమాలతో

చాలా ఫైళ్ళను ఒకేసారి తెరవడానికి ఓపెన్_ఎంఎఫ్‌డేటాసెట్ ఉంది. అది పాతదే. మారుతున్నది దాని వెనక నియమాలు. ఈ మార్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నా లెక్కలో కొత్తవాటన్నిటిలోకీ ఎక్కువ మేలు చేసేది ఇదే. ఎందుకో నాకు జరిగిన ఒక సంగతి చెబుతాను.

ఒకసారి 12.5 నుంచి 20 డిగ్రీల మధ్య, 0.1 డిగ్రీ గళ్ళున్న వర్షపాతం ఫైళ్ళు నా చేతికొచ్చాయి. అక్షాంశాలు 76 ఉండాలి. కొన్నేళ్ళవి కలిపి సగటు తీసి మ్యాప్ గీస్తే రాయలసీమ నుంచి ఆదిలాబాద్ దాకా అడ్డంగా తెల్లటి చారలు. మొదట రంగుల స్కేలు మీద అనుమానపడ్డాను. తర్వాత మ్యాప్ గీసే లైబ్రరీని మార్చాను. సాయంత్రానికి గానీ డేటాసెట్‌ను ప్రింట్ చేసి చూడాలని తోచలేదు. చూస్తే అక్షాంశాలు 136 ఉన్నాయి.

కొన్నేళ్ళ ఫైళ్ళలో అక్షాంశాలను 32 బిట్లలో, మిగతావాటిలో 64 బిట్లలో దాచారు. కంప్యూటర్ లెక్కలో 17.1 కచ్చితంగా ఇమడదు. 32 బిట్లలో అది 17.10000038 దగ్గర ఆగుతుంది, 64 బిట్లలో ఇంకాస్త దగ్గరికి వెళ్తుంది. రెండూ ఒకటి కావని ఎక్స్‌అర్రే అనుకుంది. పాత నియమం (దాని పేరు ఔటర్) ప్రకారం కలపడం అంటే రెండింటినీ ఉంచి, లేని చోట ఖాళీలు పెట్టడం. 12.5, 13, 13.5 లాంటి 16 విలువలు రెండు పద్ధతుల్లోనూ కచ్చితంగా ఇముడుతాయి కాబట్టి అవి మాత్రం కలిశాయి. మిగిలిన 60 రెట్టింపయ్యాయి. 0.25 గళ్ళకు ఈ బెడద లేదు, పావులన్నీ బైనరీలో సరిగ్గా ఇముడుతాయి. 0.1, 0.05 గళ్ళు వాడేవాళ్ళు మాత్రం జాగ్రత్త పడాలి.

కొత్త నియమాల కింద, ఎలా కలపాలో చెప్పే జాయిన్ అనే ఆర్గ్యుమెంట్ విలువ ఎగ్జాక్ట్. అంటే లేబుళ్ళు అచ్చంగా సరిపోలకపోతే కలపదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నాకు ఆ రోజే ఈ ఎర్రర్ వచ్చుంటే పని పది నిమిషాల్లో తేలేది. ఈ నియమాలు ఇంకా వాటంతట అవే అమల్లోకి రాలేదు. మీరే చెప్పాలి. ప్రోగ్రామ్ మొదట్లో సెట్_ఆప్షన్స్ పిలిచి, యూజ్_న్యూ_కంబైన్_క్వార్గ్_డిఫాల్ట్స్ అనే ఆప్షన్‌ను ట్రూ చేయండి. క్వార్గ్ అంటే కీవర్డ్ ఆర్గ్యుమెంట్‌కు కుదించిన పేరు, స్పెల్లింగులో కె, డబ్ల్యు, ఎ, ఆర్, జి వస్తాయి.

దీంతో ఇంకో మూడు మారతాయి. కోఆర్డ్స్ మినిమల్ అవుతుంది, కంపాట్ ఓవర్‌రైడ్ అవుతుంది, డేటా_వార్స్ నన్ అవుతుంది. వీటి సారం ఒకటే: టైమ్ అక్షం మీద మారే వాటినే అతికించు, ఎత్తు పటం లాంటి మారనివాటిని మొదటి ఫైలు నుంచి తీసుకో, ప్రతి ఫైలులోనూ తెరిచి పోల్చకు. వందకు పైగా ఫైళ్ళు తెరిచేటప్పుడు వేగం పెరిగేది ఇక్కడే. ఓవర్‌రైడ్‌తో ఒక చిక్కుంది. మధ్యలో ఏదో ఏడాది ఎత్తు పటం మారినా మీకు తెలియదు, మొదటిదే నిలుస్తుంది. అనుమానం ఉంటే మొదటి ఫైలు, చివరి ఫైలు విడిగా తెరిచి ఒకసారి పోల్చుకోండి.

ఎర్రర్ వస్తే ఏం చేయాలి? జాయిన్‌ను మళ్ళీ ఔటర్‌కు మార్చకండి. ప్రీప్రాసెస్ అనే ఆర్గ్యుమెంట్‌కు చిన్న ఫంక్షన్ ఒకటి ఇవ్వండి. ఆ ఫంక్షన్ ఒక్కో ఫైలు డేటాసెట్ తీసుకుని, అక్షాంశ రేఖాంశాలను 64 బిట్లకు మార్చి, ఒక దశాంశానికి సవరించి, అసైన్_కోఆర్డ్స్‌తో తిరిగి అతికించి ఇస్తుంది. 0.05 గళ్ళయితే రెండు దశాంశాలకు సవరించాలి. కలిపాక డేటాసెట్‌ను తప్పకుండా ప్రింట్ చేసి ల్యాట్ ఎంతుందో చూడండి.

ఇప్పుడు రుతువులు

ఎక్స్‌అర్రేలో గ్రూపర్స్ అనే మాడ్యూల్ ఉంది. అందులోంచి సీజన్‌గ్రూపర్, సీజన్‌రీశాంప్లర్ అనే రెండింటినీ ఇంపోర్ట్ చేసుకోండి. రుతువులను నెలల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో చెప్పాలి. మన నాలుగూ ఇలా: జేఎఫ్, ఎంఏఎం, జేజేఏఎస్, ఓఎన్‌డీ. వీటిని ఒక జాబితాగా ఇవ్వండి.

ఈ రెండింటి పేర్లూ దగ్గర దగ్గరగా ఉన్నా పనులు వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

సీజన్‌గ్రూపర్ ఏళ్ళను పట్టించుకోదు. గ్రూప్‌బై పిలిచి, టైమ్ కింద సీజన్‌గ్రూపర్‌ను ఇచ్చి మీన్ అంటే, 1901 నుంచి ఉన్న నైరుతి రోజులన్నీ ఒకే కుప్ప అవుతాయి, వాటి సగటు వస్తుంది. ఫలితంలో టైమ్ పోయి సీజన్ అనే కొత్త అక్షం వస్తుంది, అందులో నాలుగే విలువలు. మీరిచ్చిన వరుసలోనే వస్తాయి. పాత పద్ధతిలో అక్షరక్రమంలో వచ్చేవి, మార్చి కంటే ముందు జూన్ వచ్చి గ్రాఫులు తికమకగా ఉండేవి. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే ఇది రోజుకు సగటు మిల్లీమీటర్లు. ఇక్కడ మీన్ బదులు సమ్ అంటే అన్ని ఏళ్ళ వానా ఒక్కటై, లక్ష మిల్లీమీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు.

సీజన్‌రీశాంప్లర్ ఏడాదికేడాది విడిగా లెక్కిస్తుంది. రీశాంపుల్ పిలిచి, టైమ్ కింద సీజన్‌రీశాంప్లర్‌ను ఇచ్చి సమ్ అంటే, ఏటా నాలుగు విలువలు వస్తాయి. ఒక్కోదాని మీద ఆ రుతువు మొదటి తేదీ ఉంటుంది: జనవరి 1, మార్చి 1, జూన్ 1, అక్టోబరు 1. నైరుతి మొత్తం వాన, దాని దీర్ఘకాల సగటు, ఈ ఏడాది లోటు ఎంత అనే లెక్కలకు కావాల్సింది ఇదే. మొత్తాల సగటు కావాలంటే, ఈ ఫలితాన్నే టైమ్ లోని నెల మీద గ్రూప్‌బై చేసి మీన్ తీయండి. ఒక్కో రుతువు ఒక్కో నెలతో మొదలవుతుంది కాబట్టి 1, 3, 6, 10 అనే నాలుగు గుంపులు వాటంతట అవే ఏర్పడతాయి.

సమ్ వాడేటప్పుడు ఒక ఆర్గ్యుమెంట్ మరిచిపోవద్దు. అది మిన్_కౌంట్. సమ్‌కు నాన్ అంటే వదిలేయాల్సిన విలువ, అన్నీ వదిలేస్తే మిగిలేది సున్నా. బంగాళాఖాతం మీద ఈ డేటాలో విలువలే లేవు. మిన్_కౌంట్ లేకుండా సమ్ తీస్తే సముద్రం మీద సున్నా మిల్లీమీటర్ల వాన అని వస్తుంది, అక్కడి నుంచి అది మీ జిల్లా సగటులోకీ రాష్ట్ర సగటులోకీ జొరబడుతుంది. తీర జిల్లాలన్నీ ఉన్నదానికంటే ఎండిపోయినట్టు కనిపిస్తాయి. మిన్_కౌంట్ 1 అంటే ఒక్క విలువైనా ఉంటేనే కూడు అని. నైరుతికి 122 రోజులు, ఈశాన్యానికి 92 రోజులు, చలికాలానికి 59 లేదా 60. కాస్త కఠినంగా ఉండాలంటే 50 పెట్టుకోండి, నాలుగింటికీ సరిపోతుంది.

డ్రాప్_ఇన్‌కంప్లీట్ అనే మరో ఆర్గ్యుమెంట్ సీజన్‌రీశాంప్లర్‌కు ఉంది. మామూలుగా అది ట్రూ. డేటా నవంబరుతో ఆగిపోతే ఆ ఏడాది ఓఎన్‌డీ ఫలితంలో అసలు రాదు. 'ఈ ఏడాది ఈశాన్యం ఏమైంది, కనిపించడం లేదే' అని వెతక్కండి, కావాలనే తీసేసింది. అది చూసేది డేటా మొదలు, చివరలనే. మధ్యలో రోజులు లోపిస్తే పట్టుకోవాల్సింది మిన్_కౌంటే.

పంటల లెక్క వేసేవాళ్ళకు రుతువు డిసెంబరుతో ముగియదు. రబీ అక్టోబరులో మొదలై మార్చి దాకా సాగుతుంది. దానికి జాబితా ఇలా ఇవ్వండి: జేజేఏఎస్, ఓఎన్‌డీజేఎఫ్ఎం, ఏఎం. ఏడాది మారినా రబీ ముక్కలు కాదు, అక్టోబరు 1 తేదీతో ఒకే విలువగా వస్తుంది. ఇంకో ఇబ్బంది అక్టోబరుది. ఖరీఫ్ కోతలకూ అదే నెల, రబీ విత్తనాలకూ అదే నెల. రెండింటిలోనూ లెక్కించాలంటే సీజన్‌గ్రూపర్ ఒప్పుకుంటుంది, ఒకదానిపై ఒకటి పడే రుతువులు దానికి సమ్మతమే. రీశాంప్లర్ ఒప్పుకోదు. దాన్ని రెండు జాబితాలతో రెండుసార్లు పిలవడమే దారి.

జిల్లాల వారీగా తీయాలంటే

గ్రూప్‌బై ఇప్పుడు ఒకేసారి రెండు మూడు లేబుళ్ళ మీద గుంపులు కడుతుంది. 2024 రెండో సగం నుంచి ఉంది ఇది. జిల్లాల సరిహద్దు ఫైలు నుంచి రీజన్‌మాస్క్ అనే ప్యాకేజీతో ప్రతి గడికీ ఒక జిల్లా నంబరు వేయించుకోండి. దాన్ని డేటాసెట్‌లో జిల్లా అనే కోఆర్డినేట్‌గా పెట్టండి. అవును, తెలుగులోనే పెట్టవచ్చు. పైథాన్ తెలుగు పేర్లను ఒప్పుకుంటుంది, ఎక్స్‌అర్రే కూడా. నా నోట్‌బుక్‌లలో డైమెన్షన్ల పేర్లు చాలావరకు తెలుగువే. గ్రాఫులు గీసేటప్పుడు మాత్రం నా దగ్గర ఒత్తులు విడిపోతున్నాయి, అక్కడ పేర్లు మార్చుకుంటాను.

ముందు రుతువుల మొత్తాలు తీసేయండి. 365 రోజులు 4 విలువలకు దిగుతాయి, తర్వాత పని తేలిక. ఆ ఫలితంలో టైమ్ నుంచి నెల అనే ఇంకో కోఆర్డినేట్ తీసిపెట్టి, గ్రూప్‌బైకి జిల్లా కింద యునీక్‌గ్రూపర్ (ఒక్కో విలువకు ఒక్కో గుంపు కట్టేది), నెల కింద ఇంకో యునీక్‌గ్రూపర్ ఇచ్చి మీన్ అనండి. జిల్లాలు నిలువు, రుతువులు అడ్డంగా ఒక పట్టిక చేతికొస్తుంది.

జిల్లా గ్రూపర్‌కు లేబుల్స్ అనే ఆర్గ్యుమెంట్‌లో అన్ని జిల్లాల నంబర్లూ ఇవ్వండి. ఎందుకంటే హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. మన అక్షాంశం దగ్గర 0.25 డిగ్రీల గడి ఒక్కటే 730 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. ఏ గడి కేంద్రమూ హైదరాబాద్ లోపల పడకపోవచ్చు. లేబుల్స్ ఇవ్వకపోతే తెలంగాణ పట్టికలో 33కి బదులు 32 వరుసలు వచ్చి, ఏది పోయిందో మీరు వేళ్ళు మడిచి చూసుకోవాలి. ఇస్తే ఆ వరుస నాన్‌తో నిలబడి ఉంటుంది. అలాంటి జిల్లాకు దగ్గరి గడి విలువను సెల్‌తో విడిగా తెచ్చుకోండి.

ఉత్తరానికి పోయేకొద్దీ గళ్ళు ఇరుకవుతాయి. ఒక జిల్లాలో ఆ తేడా కంటికి ఆనదు. దేశం మొత్తం మీద సగటు తీసేటప్పుడు మాత్రం అక్షాంశం కొసైన్‌ను తూకంగా ఇచ్చి వెయిటెడ్ వాడండి. కన్యాకుమారి దగ్గర ఆ తూకం 0.99, కశ్మీరు పైఅంచున 0.80.

వర్షం, ఉష్ణోగ్రత ఒకే చెట్టుకు

వాతావరణ శాఖ ఉష్ణోగ్రతలను 1951 నుంచి 1 డిగ్రీ గళ్ళలో ఇస్తోంది, 31 అక్షాంశాలు, 31 రేఖాంశాలు. వీటిని వర్షంతో కలిపి ఒకే డేటాసెట్‌లో పెట్టి చూడండి. పాత నియమాలతో అయితే ఉష్ణోగ్రత కూడా వర్షం గళ్ళలోకి సాగుతుంది: 17,415 గళ్ళలో 961 చోట్ల విలువ, మిగతావన్నీ ఖాళీ. ఇది డేటాసెట్ తప్పు కాదు. డేటాసెట్ అంటేనే అందరూ ఒకే కొలతల్లో కూర్చోవాలని.

దీనికి జవాబు డేటాట్రీ. కొన్నేళ్ళు విడి ప్యాకేజీగా ఉండి, నాసా ఇంజనీర్లు కూడా చేయి వేశాక, 2024 అక్టోబరు వెర్షన్‌తో ఎక్స్‌అర్రేలోకే వచ్చేసింది. ఫోల్డర్లలో ఫైళ్ళున్నట్టు, కొమ్మకో డేటాసెట్ ఉంటుంది. డేటాట్రీలోని ఫ్రమ్_డిక్ట్‌కు ఒక డిక్షనరీ ఇవ్వండి. అందులోని కీ ప్రతిదీ ఒక దారి: '/వర్షం', '/ఉష్ణోగ్రత'. విలువలు ఆయా డేటాసెట్లు.

రెండు కొమ్మలకూ టైమ్ ఒకటే అయితే దాన్ని వేరు దగ్గర, అంటే '/' దారిలో ఒక్కసారి పెట్టండి. కొమ్మలు దాన్ని వారసత్వంగా తీసుకుంటాయి. షరతు ఏమిటంటే కొమ్మలోనూ టైమ్ ఉంటే అది వేరులోని టైమ్‌తో అచ్చంగా సరిపోవాలి. వర్షం 1901 నుంచి, ఉష్ణోగ్రత 1951 నుంచి అయితే సరిపోదు, ఎర్రర్ వస్తుంది. ముందు రెండింటినీ ఒకే ఏళ్ళకు కత్తిరించండి. తేదీలు ఒకటే అయినా ఒకదాంట్లో గంటలు కూడా ఉంటే అప్పుడూ ఇదే ఎర్రర్. టైమ్ మీద డీటీ లోని ఫ్లోర్ పిలిచి రోజుకు కుదిస్తే పోతుంది.

చెట్టు కట్టాక అసలు సుఖం తెలుస్తుంది. చెట్టు మీదే సెల్ పిలిచి నెల్లూరు అక్షాంశ రేఖాంశాలిచ్చి నియరెస్ట్ అనండి. వర్షం కొమ్మ 14.5, 80.0 గడిని తెస్తుంది. ఉష్ణోగ్రత కొమ్మ 14.5, 79.5 గడిని తెస్తుంది, దాని గళ్ళలో దగ్గరిది అదే కాబట్టి. ఎవరి గళ్ళు వాళ్ళవి, అడిగేది ఒక్కసారే. అన్ని కొమ్మల మీదా మీ సొంత ఫంక్షన్ నడపాలంటే మ్యాప్_ఓవర్_డేటాసెట్స్ ఉంది. వర్షానికి సమ్, ఉష్ణోగ్రతకు మీన్ కావాలి కనుక రుతువుల లెక్కను మాత్రం కొమ్మకొమ్మకు విడిగా చేయడమే నయం. చివరికి చెట్టునంతా టు_నెట్‌సీడీఎఫ్‌తో ఒకే ఫైలుగా దాచి, ఓపెన్_డేటాట్రీతో తిరిగి తెరవచ్చు.

మెమరీ చాలకపోతే

32 బిట్ల సంఖ్యలతో ఒక రోజు వర్షం 70 కిలోబైట్లు, ఏడాది పాతిక మెగాబైట్లు, 120 ఏళ్ళు 3 గిగాబైట్లు. 8 గిగాబైట్ల ల్యాప్‌టాప్‌లో పడుతుంది గానీ, లెక్క మధ్యలో నకళ్ళు పుడతాయి, 64 బిట్లకు మారితే రెట్టింపు. ఓపెన్_ఎంఎఫ్‌డేటాసెట్ ఫైలుకొక ముక్క చొప్పున తెరుస్తుంది కాబట్టి ఏడాదికో ఫైలు ఉన్నవాళ్ళకు చింత లేదు. అంతా ఒకే పెద్ద ఫైలుగానో, డేటాను ముక్కలుగా దాచే జార్ అనే రూపంలోనో ఉంటే, చంక్ పిలిచి టైమ్ కింద టైమ్‌రీశాంప్లర్‌ను ఇచ్చి అందులో 'వైఈ' అనండి. లీపు సంవత్సరాలతో సహా ఏడాదికో ముక్క చేస్తుంది. ఇదివరకు 365 అని అంకె ఇచ్చేవాళ్ళం, నాలుగేళ్ళకో రోజు జరుగుతూ పోయేది.

ఇంకో రెండు, అవసరమైనవాళ్ళకు

ఇదివరకు తేదీలన్నీ నానోసెకన్లలోనే ఉండాలి, అందుకని 1678 నుంచి 2262 వరకే ఇమిడేవి. 2025 జనవరి నుంచి ఆ కట్టు సడలింది. చెట్ల వలయాల నుంచి తీసిన పాత కరువుల లెక్కలు చూసేవాళ్ళు, తెరిచేటప్పుడు సీఎఫ్‌డేట్‌టైమ్‌కోడర్‌లో టైమ్_యూనిట్‌ను సెకన్లకు పెట్టుకోండి.

వాతావరణ మోడళ్ళ ఫలితాల్లో గళ్ళు వంకరగా ఉంటాయి, అక్షాంశమూ రేఖాంశమూ రెండు డైమెన్షన్ల పట్టికలు. వాటి మీద సెల్, నియరెస్ట్ నడిచేవి కావు. ఇప్పుడు ఇండెక్సెస్ మాడ్యూల్‌లోని ఎన్‌డీపాయింట్‌ఇండెక్స్‌ను సెట్_ఎక్స్‌ఇండెక్స్‌తో పెడితే నడుస్తాయి. దీనికి సైపై అనే ప్యాకేజీ కూడా ఉండాలి. దూరాన్ని డిగ్రీల్లోనే కొలుస్తుంది, కిలోమీటర్లలో కాదు. మన అక్షాంశాల దగ్గర దీనివల్ల పెద్ద తేడా రాదు.

ఫలితాన్ని నమ్మే ముందు

మొదటిసారి చేస్తున్నప్పుడు ఒక గడిని చేత్తో సరిచూడండి. నెల్లూరు గడి తీసుకుని, సెల్‌లో టైమ్ కింద 2023 అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు స్లైస్ ఇవ్వండి. రోజులు 92 ఉన్నాయో లేదో చూసి, సమ్ తీయండి. సీజన్‌రీశాంప్లర్ ఇచ్చిన ఫలితంలో 2023 అక్టోబరు 1 విలువను దాని పక్కన పెట్టండి. రెండూ ఒకటే కావాలి. తర్వాత అదే గడిలో డిసెంబరు 3, 4, 5 తేదీలను విడిగా ప్రింట్ చేయండి. మిచౌంగ్ వాన అక్కడ కనిపిస్తుంది, ఆ అంకెలు మీ ఓఎన్‌డీ మొత్తంలోనే ఉంటాయి.